సగటు వేరుగా ఉన్న రెండు జాబితాల అసమానతను గిని గుణకంతో పోల్చవచ్చా?

ప్రశ్న

నమస్కారం. రెండు పరిశోధన విభాగాలలో గత ఐదేళ్లలో ఎవరెవరు ఎన్ని పత్రాలు ప్రచురించారో, సిబ్బంది జాబితా దగ్గర పెట్టుకుని లెక్కకట్టాను. ఒక్కటీ రాయనివారికి సున్నా వేసి వారినీ కలుపుకున్నాను. మొదటి విభాగంలో 40 మంది. సగటు 1, విస్తృతి (సగటునుంచి ఒక్కొక్కరి తేడాను వర్గం చేసి తీసిన సగటు) 1.2, గిని గుణకం (అందరికీ సమానమైతే 0, అంతా ఒక్కరిదే అయితే దాదాపు 1 వచ్చే అసమానత కొలత) 0.55. రెండవదానిలో 60 మంది. సగటు 5, విస్తృతి 20, గిని గుణకం 0.48. దీనినిబట్టి మొదటి విభాగంలోనే అసమానత ఎక్కువని నివేదికలో రాయవచ్చా? ఆ విభాగానికి మచ్చ తెచ్చే మాట కనుక ముందుగా అడుగుతున్నాను.

సమాధానం 1

దయచేసి అలా రాయకండి. ఆ 40 మంది సామర్థ్యమూ సరిసమానమేననీ, ఒక్కొక్కరు ఐదేళ్లకు సగటున ఒక పత్రం చొప్పున రాయగలవారేననీ అనుకుందాం. అప్పుడు కూడా, పాయిజాన్ విభాజనం (యాదృచ్ఛికంగా జరిగే ఘటనలు ఎవరికి ఎన్ని వస్తాయో చెప్పే సూత్రం) ప్రకారం, నూటికి దాదాపు 37 మందికి సున్నా, మరో 37 మందికి ఒకటి, 18 మందికి రెండు, మిగిలిన కొద్దిమందికి అంతకు మించి వస్తాయి. ఎవరి తప్పూ, ఎవరి గొప్పా లేని ఈ పంపకానికే గిని గుణకం 0.52 ఉంటుంది. సగటు 5 అయితే అది 0.25కు దిగుతుంది. అంటే మీ 0.55లో చాలా భాగం యాదృచ్ఛికమే, 0.48 మాత్రం, కేవలం యాదృచ్ఛికంగా రావలసినదానికి దాదాపు రెట్టింపు.

పాయిజాన్ విభాజనంలో విస్తృతి సగటుతో సమానం. కనుక ఆ యాదృచ్ఛిక భాగం పోయేలా విస్తృతిలోనుంచి సగటును తీసివేసి, మిగిలినదానిని సగటు వర్గంతో భాగించి చూడండి. మొదటి విభాగానికి 0.2, రెండవదానికి 0.6 వస్తుంది. తీర్పు తిరగబడింది.

సమాధానం 2

సున్నాలను వదలకపోవడం చాలా మంచి పని. 1926లో లోట్కా అనే గణాంకవేత్త రసాయనశాస్త్ర పత్రాల సూచికలోనుంచి 6,891 మంది రచయితలను లెక్కించినప్పుడు, ఒకే పత్రం రాసినవారు దాదాపు 58 శాతంగా తేలారు. సూచికలో పేరుండాలంటే కనీసం ఒక పత్రమైనా రాసి ఉండాలి కనుక సున్నాలవారు అందులో చేరే వీలే లేదు. అటువంటి జాబితాను మీ జాబితా పక్కన పెట్టి పోల్చకూడదు. ఐదేళ్ల మధ్యలో ఉద్యోగంలో చేరినవారు ఉంటే, వారి పత్రాలను పనిచేసిన సంవత్సరాల దృష్ట్యా చూడాలి. లేకపోతే సర్వీసులోని తేడా అసమానతగా కనబడుతుంది.

సమాధానం 3

రెండవ విభాగంలో అందరికంటే ఎక్కువ రాసినవారిని పక్కన పెట్టి మళ్లీ లెక్కించండి. విస్తృతిని ఒక్క మనిషే పెంచేయగలరు.

ప్రశ్న అడిగినవారు

లెక్కించాను. ఒకరివే 24 పత్రాలున్నాయి. వారిని తీసివేస్తే 0.6 కాస్తా 0.43కు తగ్గింది, అయినా మొదటి విభాగానికి రెట్టింపు కంటే ఎక్కువే. నివేదికలో ఆ వాక్యాన్ని కొట్టివేశాను. మధ్యలో చేరినవారి తేదీలు తెప్పించుకుని, ఆ సవరణ కూడా చేశాక మళ్లీ రాస్తాను.