ఒకే కుటుంబం చేతిలో గాస్పెల్ రేడియో: అది సేవా, ఆస్తా?

సుధ_కాన్సాస్: మేము కాన్సాస్ సిటీకి వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడ 1590 ఏఎంలో కేపీఆర్‌టీ అని గాస్పెల్ స్టేషన్, అంటే నల్లజాతి చర్చిల భక్తి పాటలు వేసేది, ఒకటి ఉంది. ఆదివారం పొద్దున పెసరట్టు పిండి రుబ్బుతూ వింటాను, మిక్సీ వేస్తే రేడియో గరగరమంటుంది, ఆపగానే క్వైర్ మళ్లీ వినిపిస్తుంది. ఆండ్రూ "స్కిప్" కార్టర్ అనే ఆయన 1950లో కేపీఆర్‌ఎస్ పేరుతో దాన్ని పెట్టారు. మిసిసిపీ నదికి పడమట నల్లజాతి వాళ్ల సొంత రేడియో అదే మొదటిది. తర్వాత ఆ పేరు 103.3 ఎఫ్‌ఎంకి వెళ్లింది, పాత ఏఎంలో గాస్పెల్ పెట్టారు. ఆయన తర్వాత మనవడు మైకేల్ అందుకున్నారు. మొన్న మా ప్రార్థన కూటంలో ఒకాయన "ఎఫ్‌ఎంలో హిప్‌హాప్, ఏఎంలో దేవుడి పాటలు, ఇదేం సువార్త" అన్నారు. నాకు చాలా బాధేసింది. మీరేమంటారు?

తెనాలి_ప్రభు: ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఇద్దరు యజమానులను కొలవలేమని సండే స్కూల్లోనే చదువుకున్నాం కదా.

రేడియో_పిచ్చోడు: సుధ గారికి చిన్న సవరణ. నల్లజాతి వాళ్ల సొంత రేడియోల్లో మొదటిది అట్లాంటాలో డబ్ల్యూఈఆర్‌డీ, 1949, జెస్సీ బ్లేటన్‌ది.

సుధ_కాన్సాస్: అందుకే "నదికి పడమట" అన్నాను, చూడండి.

రేడియో_పిచ్చోడు: అయినా "మొదటి" అంటే మొదటే.

షార్ట్‌వేవ్_మాస్టారు: ప్రభూ, 1950లో హిప్‌హాప్ ఎక్కడిదయ్యా? ఆ రోజుల్లో కార్టర్ గారికి స్టేషన్ నిలబడటమే గొప్ప. 1936 అధ్యక్ష ఎన్నికల్లో రూజ్వెల్ట్ మీద పోటీచేసి ఓడిన ఆల్ఫ్ లాండన్ సామగ్రి ఇచ్చి ఆదుకుంటే మొదలైంది. నేను బాపట్లలో ఉన్నప్పుడు సీషెల్స్ దీవుల నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో సంస్థ తెలుగు ప్రసారాలు వినేవాణ్ణి, ఏరియల్ తీగ సపోటా చెట్టుకి కట్టి, సాయంత్రం గాలి వీస్తే ఒకరు ఆ కొమ్మ పట్టుకుని నిలబడేవాళ్లు. అది దాతల డబ్బుతో, ఎక్కడో దీవిలోంచి నడిచింది. 2003లో ఆ షార్ట్‌వేవ్ కేంద్రం ఆగిపోయింది, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. కార్టర్ గారిది అలా కాదు, ఊళ్లో షాపుల ప్రకటనలతో ఊళ్లోనే బతికింది. ఎఫ్‌ఎం సంపాదిస్తే ఏఎంకి ఊపిరి ఆడుతుంది, అందులో పాపమేంటి?

జాస్మిన్_వైజాగ్: మన దగ్గర మత సంస్థలకి ఎఫ్‌ఎం లైసెన్సే ఇవ్వరు, ఇక ఈ గొడవే లేదు.

తెనాలి_ప్రభు: మాస్టారూ, నేను అడిగేది పాటల గురించి, మీరు డబ్బు గురించి చెబుతున్నారు. కుటుంబం చేతిలో ఉంటే భద్రం అంటారా? అమెరికాలో సేలమ్ అనే క్రైస్తవ రేడియో సంస్థ మొదలుపెట్టింది బావా బావమరుదులే. 2024 చివర్లో ఏడు క్రైస్తవ సంగీత స్టేషన్లను 8 కోట్ల డాలర్లకు అమ్మేస్తున్నామని ప్రకటించారు. విన్నవాళ్లని అడిగారా?

సుధ_కాన్సాస్: సేలమ్ 1999లోనే షేర్ మార్కెట్‌కి వెళ్లింది అన్నా, దాన్నీ దీన్నీ ఒకే గాట కట్టకండి. 1996లో చట్టం మార్చి ఎవరు ఎన్ని స్టేషన్లైనా కొనచ్చని దేశం మొత్తానికి ఉన్న పరిమితి ఎత్తేశారు. పెద్ద కంపెనీలు ఎగబడి కొన్నాయి, చిన్నవాళ్లు చాలామంది అమ్ముకున్నారు. కార్టర్ వాళ్లు అప్పుడు కూడా అమ్మలేదు. ఇంట్లో కూర్చుని తీర్పులు చెప్పడం తేలికే.

తెనాలి_ప్రభు: తీర్పులా? సరే, చెబుతాను. మా ఊరి చర్చి పునాదికి మా అమ్మ నెత్తిన ఇటుకలు మోసింది. ప్రతి పంటకీ మా నాన్న అర బస్తా ధాన్యం వేశాడు, మాకు తినడానికి చాలని ఏడు కూడా. పాస్టరు గారు పోగానే వాళ్లబ్బాయి స్థలం, కట్టడం తన పేరున రాయించుకున్నాడు. ఇదేమిటని అడిగితే "ఇది మా కుటుంబ పరిచర్య" అన్నాడు. "కుటుంబం" అన్న మాట వింటే నాకు అందుకే ఒళ్లు మండుతుంది. హిప్‌హాప్ ఏమైతే నాకేంటి!

షార్ట్‌వేవ్_మాస్టారు: ఈ మాట ముందే చెప్పాల్సింది నాయనా. మనం పొద్దున్నుంచి వేరే గొడవ పడుతున్నాం. అయినా ఒక తేడా చూడు. కార్టర్ గారు చందా పట్టలేదు, సొంత వ్యాపారంగా పెట్టారు, సొంత ఆస్తి వారసులకి ఇచ్చారు. మీ ఊళ్లో జరిగింది పదిమంది సొమ్ము ఒకరు తీసుకోవడం.

తెనాలి_ప్రభు: చట్టం ప్రకారం తేడా ఉందేమో. కానీ విన్నవాళ్లు, పాడినవాళ్లు లేకపోతే స్టేషన్ ఎక్కడిది? వాళ్లకి ఏ హక్కూ లేదా? దీనికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.

సుధ_కాన్సాస్: నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఇందాక కోపంగా అన్నాను, ఏమనుకోకండి. అన్నా, ఆ ధాన్యం లెక్క ఎక్కడైనా రాసి ఉందా?

తెనాలి_ప్రభు: ఉంది. అమ్మ ట్రంకు పెట్టెలో నాన్న నోటుపుస్తకం. ఏడాది వేసి, పక్కన "గుడికి అర బస్తా" అని రాసుకున్నాడు. ఇరవై రెండు చోట్ల.