టీపీఎస్‌లో ఒక డీవీహెచ్, స్లైసర్‌లో ఇంకో డీవీహెచ్: ఏది నమ్మాలి?

ప్రశ్న (మెడికల్ ఫిజిక్స్ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. ప్రాజెక్టు కోసం కొన్ని హెడ్ అండ్ నెక్ ఐఎమ్‌ఆర్‌టీ (కిరణాల తీవ్రత మారుస్తూ ఇచ్చే రేడియేషన్ చికిత్స) ప్లాన్లు, పేషెంట్ వివరాలు తీసేసి, డైకామ్ (వైద్య చిత్రాల ఫార్మాట్) ఫైళ్లుగా ఇచ్చారు. మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు లేదు కాబట్టి 3డీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, రేడియేషన్ ప్లాన్లు చూసే స్లైసర్‌ఆర్‌టీ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నాను. ఒక ప్లాన్‌లో పీటీవీ (డోసు అందాల్సిన లక్ష్య భాగం) సగటు డోసు 60 గ్రే (డోసు యూనిట్) రావాలి, 9 దగ్గర ఆగిపోతోంది. ఇంకో కేసులో సీటీ ఒక పేషెంట్ కింద, స్ట్రక్చర్ సెట్ (అవయవాల హద్దు గీతలు, అంటే కాంటూర్లు ఉన్న ఫైలు) వేరే పేషెంట్ కింద కనిపిస్తున్నాయి. మిగతావి బాగానే ఉన్నాయి కానీ ఆప్టిక్ కయాజమ్ (కంటి నరాలు కలిసే చోటు) డీవీహెచ్, అంటే ఎంత భాగానికి ఎంత డోసు అందిందో చూపే గ్రాఫ్, మాత్రం ఎక్కడా టీపీఎస్‌తో (ప్లాన్ వేసిన ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌తో) కలవడం లేదు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్‌లోనే లోపమా సార్?

జవాబు (సీనియర్ ఫిజిసిస్ట్)

కంగారు పడకమ్మా. ఆ మొదటి ప్లాన్‌లో ఏడు బీములున్నాయా? ఉంటే 60ని ఏడుతో భాగించి చూడు, దాదాపు తొమ్మిదే. ఎక్స్‌పోర్ట్ చేసినవాళ్లు ప్లాన్ డోసు బదులు బీమ్ డోసు ఎంచుకుని ఉంటారు. ఆర్‌టీ డోస్ ఫైల్లో డోస్ సమ్మేషన్ టైప్ అనే ట్యాగ్ చూడు. అక్కడ బీమ్ అని ఉంటే ఏడు ఫైళ్లనూ డోస్ అక్యుములేషన్ మాడ్యూల్లో కలుపు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించుకుంటే ఇంకా మంచిది.

రెండోది అనానిమైజేషన్ (పేషెంట్ వివరాలు తీసేయడం) తంటా. సీటీకి ఒకసారి, స్ట్రక్చర్ సెట్‌కు ఇంకోసారి విడివిడిగా చేసి ఉంటారు. ఏ సీటీ స్లైసు మీద ఏ కాంటూర్ గీశారో స్ట్రక్చర్ సెట్ యూఐడీ (ప్రత్యేక గుర్తింపు) నంబర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. అవి రెండుసార్లు రెండు రకాలుగా మారితే లంకె తెగిపోతుంది. కాంటూర్ పాయింట్లు మిల్లీమీటర్లలో ఉంటాయి కాబట్టి ఆకారం చెడదు, కానీ లంకె వెతికే టూల్స్ మొరాయిస్తాయి. చేత్తో సరిచేయాలని చూడకు. సీటీ, స్ట్రక్చర్, ప్లాన్, డోసు నాలుగూ ఒకే విడతలో అనానిమైజ్ చేసి ఇమ్మని అడుగు.

ఇక కయాజమ్. ఇక్కడ టీపీఎస్ అంకె ఒప్పు, స్లైసర్ అంకె తప్పు అని తేల్చేయకు. సీటీ స్లైసు 3 మి.మీ. అయితే కయాజమ్ ఒకటి రెండు స్లైసుల్లోనే ఉంటుంది. చివరి కాంటూర్‌కు పైన, కింద ఎంత మందం కలపాలన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా తేల్చుకుంటుంది. అంత చిన్న అవయవంలో ఆ తేడాకే వాల్యూమ్ బాగా మారుతుంది. డీవీహెచ్ మాడ్యూల్లో ఆటోమేటిక్ ఓవర్‌శాంప్లింగ్ (ఇంకా సన్నని గళ్లలో లెక్కించడం) ఆన్ చేసి మళ్లీ చూడు. ముందు రెండు చోట్లా వాల్యూమ్ సీసీల్లో ఎంతుందో పక్కపక్కన రాసుకో. వాల్యూమే కలవనప్పుడు డోసు ఎలా కలుస్తుంది?

జవాబు (పైథాన్ వాడే మిత్రుడు)

సార్ చెప్పినదానికి కొసరు. పైడైకామ్ అనే పైథాన్ లైబ్రరీతో డోసు చదివితే వచ్చేవి వట్టి పూర్ణాంకాలు. డోస్ గ్రిడ్ స్కేలింగ్‌తో గుణిస్తేనే అసలు డోసు వస్తుంది, యూనిట్ గ్రేనా కాదా కూడా చూసుకోండి. గరిష్ఠ డోసు పోల్చే బదులు 0.03 సీసీకి అందే డోసు పోల్చండి. గ్రిడ్ 2.5 మి.మీ. అయితే ఒక్క వోక్సెల్ (గ్రిడ్‌లో ఒక గడి) 0.0156 సీసీ, అంటే 0.03 సీసీ అన్నా రెండు వోక్సెళ్లే! గామా (రెండు డోసులను పోల్చే పరీక్ష) కావాలంటే పైమెడ్‌ఫిజ్ లైబ్రరీలో ఉంది. 2018లో వచ్చిన టీజీ-218 నివేదిక (అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘానిది) ప్రకారం 3 శాతం డోసు తేడా, 2 మి.మీ. దూరంతో మొదలుపెట్టండి.

విద్యార్థిని

అవును సార్, ఏడు బీములే! కలిపితే 60 వచ్చింది. కయాజమ్ వాల్యూమ్ కూడా రెండు చోట్లా వేరుగానే ఉంది. మ్యాట్‌రాడ్‌లో (రేడియేషన్ ప్లానింగ్ నేర్చుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో) ఇవే ప్లాన్లు మళ్లీ లెక్కించి పోల్చవచ్చా?

సీనియర్ ఫిజిసిస్ట్

మ్యాట్‌రాడ్ మంచిదే. హైడెల్‌బర్గ్‌లోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లది, మ్యాట్‌ల్యాబ్ బదులు ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లోనూ నడుస్తుంది, కాస్త నెమ్మదిగా. కానీ అందులో ఫోటాన్ డోసుకు మామూలుగా వాడేది పెన్సిల్ బీమ్ పద్ధతి (కిరణాన్ని సన్నని పాయలుగా విడదీసి లెక్కించేది). సైనస్‌లలాంటి గాలి ఉన్న చోట మీ టీపీఎస్‌తో కలవదు. ఆప్టిమైజేషన్ నేర్చుకోవడానికి దాంతోపాటే వచ్చే టీజీ-119 ఫాంటమ్ (పేషెంట్ బదులు వాడే పరీక్ష నమూనా) చాలు. అందులో వచ్చిన ప్లాన్ పేషెంట్ దాకా ఎప్పుడూ వెళ్లకూడదు.

మాంటే కార్లో (ఒక్కో కణం దారినీ అనుకరించి డోసు లెక్కించడం) చేయాలని కూడా అనిపిస్తుంది నీకు. దానికి వాడే ఈజీఎస్‌ఎన్ఆర్‌సీ, గేట్ రెండూ ఉచితమే, కానీ లినాక్ (రేడియేషన్ ఇచ్చే యంత్రం) హెడ్ కొలతలు చేతికి రావడానికే నెలలు పడుతుంది. ఈ ప్రాజెక్టులో దాని జోలికి పోకు.