గ్రేట్ బ్రింగ్టన్ సమాధి పద్యంలో "అస్" అన్న మాటకు తెలుగు: మనమా, మేమా?

ప్రశ్న:

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో గ్రేట్ బ్రింగ్టన్ అనే ఊరి చర్చిలో నేలమీద పరిచిన ఒక సమాధి ఫలకం ఫోటోను దీనితో జతపరుస్తున్నాను. అది 1616 డిసెంబరు 13న మరణించిన లారెన్స్ వాషింగ్టన్‌ది. ఫలకం చివర నాలుగు పాదాల పద్యం ఉంది. దాని భావాన్ని తెలుగులో ఎలా చెప్పాలో, పైన చెక్కిన డాలును ఏ మాటతో పిలవాలో పెద్దలు వివరించగలరు.

సమాధానం:

ముందు డాలు సంగతి చూద్దాం. "కోట్ ఆఫ్ ఆర్మ్స్" అన్నదానిని కొందరు "ఆయుధ చిహ్నం" అని రాస్తున్నారు గాని, అందులో ఆయుధాలు ఉండాలన్న నియమం లేదు. యోధులు కవచం మీద తొడుక్కునే అంగీపై తమ గుర్తును వేయించుకునేవారు కనుక ఆ పేరు వచ్చింది. తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే గుర్తు కాబట్టి "వంశ లాంఛనం" అంటే సరిపోతుందని నా అభిప్రాయం. వాషింగ్టన్ల లాంఛనంలో తెల్లని నేలమీద రెండు ఎర్రని అడ్డపట్టీలు, వాటిపైన మూడు ఎర్రని నక్షత్రాలు ఉంటాయి. మనం నక్షత్రాలంటున్న వాటిని లాంఛనశాస్త్రంలో "మల్లెట్" అంటారు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ దానికి గుర్రపు రౌతు మడమకు తగిలించుకునే ముల్లుచక్రం అని అర్థం. కంటికి నక్షత్రంలాగే కనబడుతుంది గనుక నక్షత్రమనే రాయవచ్చు, కాని దాని పుట్టుక ఆకాశంలో కాదని ఒక వాక్యమైనా చేర్చడం మంచిది. ఇవే పట్టీలు, ఇవే నక్షత్రాలు 1938లో అమెరికా రాజధాని పతాకం మీదికి ఎక్కాయి. ఈ లారెన్స్ జార్జి వాషింగ్టన్‌కు అయిదు తరాల పైవాడు, అంటే ముత్తాతకు తాత.

ఫోటోలోని డాలు నిలువుగా రెండు సగాలుగా ఉన్నది గమనించండి. ఒక సగం వాషింగ్టన్లది, రెండవది ఆయన భార్య మార్గరెట్ పుట్టింటివారైన బట్లర్లది. భర్త లాంఛనం కుడివైపున ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ కుడి డాలు పట్టుకున్నవాడి కుడి, అందుచేత చూసేవారికి అది ఎడమవైపున కనిపిస్తుంది. అనువాదాలలో చాలామంది తడబడేది ఇక్కడే.

ఫలకంలోని వచనభాగం ఆయనను సల్‌గ్రేవ్‌కు చెందిన రాబర్ట్ వాషింగ్టన్ కొడుకుగా, వారసుడిగా పరిచయం చేసి, దంపతులకు ఎనిమిదిమంది కొడుకులు, తొమ్మిదిమంది కూతుళ్లు కలిగారని చెబుతుంది. ఆయన తండ్రికీ మామగారికీ "ఎస్క్వైర్" అనే హోదా రాసి ఉంది. లాటిన్ మూలంలో దాని అర్థం డాలు మోసేవాడు అని. కాలక్రమంలో అది, ప్రభువుల వర్గంలో చేరకపోయినా, భూమీ వంశ లాంఛనమూ ఉన్న కుటుంబీకుల హోదా అయింది. దీనికి "జమీందారు" అన్న మాట నాకు సమ్మతం కాదు, ఎందుకంటే జమీందారు అనగానే సర్కారుకు శిస్తు వసూలుచేసి కట్టే ఏర్పాటు మనసులో మెదులుతుంది. "ఎస్క్వైర్" అనే ఉంచడం మేలు. అదే చర్చిలో స్పెన్సర్ ప్రభువుల వంశానికి విడిగా ఒక ప్రార్థనాగారమూ, నిలువెత్తు పాలరాతి సమాధులూ ఉన్నాయి. వాషింగ్టన్లకు మిగిలింది కాళ్ల కింది ఈ బండ. పద్యం మొదటి పాదం అర్థమయ్యేది ఆ తేడాను గుర్తుంచుకుంటేనే.

పద్యం సారం ఇది: అనుకోకనో, కోరియో దీనిని చూసిన నీవు తెలుసుకో, పగలు రాత్రికి లొంగినట్లే జీవితం మరణానికి లొంగుతుంది; కాని సూర్యుడు తిరిగి వచ్చి పగటిని బ్రతికించినట్లే, మట్టిగా మారినా "అస్"ను క్రీస్తు బ్రతికిస్తాడు. "చాన్స్ ఆర్ చాయిస్" (అనుకోకనో, కోరియో) అని మొదటి పాదంలో ఉంది. నేలమీది బండ కనుక, దారిన పోతూ పొరపాటున దానిమీద అడుగు వేసినవారు కూడా దాని పాఠకులే. ఆ రెండు మాటలూ ఒకే ధ్వనితో మొదలవుతాయి. తెలుగులో "అనుకోక", "అనుకొని" ఒకే ధాతువు నుంచి వచ్చి ఆ పని చేస్తాయి. ఆ పద్యం రెండేసి పాదాలకు అంత్యప్రాసతో నడిచింది కాబట్టి నేను ద్విపదను ఎంచుకున్నాను. నాలుగు పాదాలు ఆరు అయ్యాయి:

అనుకోక వచ్చిన ననుకొని యైనఁ
గనుఁగొంటి వీ శిలఁ గడపటి గురుతు
పగలెల్ల రాతిరి పాలైన యట్లు
జగమున బ్రదుకెల్లఁ జావు పాలగును
పుట్టినట్లే పగల్ పొద్దు మరలఁగ
మట్టియౌ మనలను మఱి లేపుఁ గ్రీస్తు

మూలంలో జీవితం మరణానికి "రిజైన్" అవుతుంది, అంటే తన చోటును వదిలి అప్పగిస్తుంది. "పాలగు" అన్న మన నుడికారంలో ఆ లొంగుబాటు వినబడుతుందని అనుకుంటున్నాను. "తెలుసుకో" అన్న ఆజ్ఞను మాత్రం తేలేకపోయాను.

మరొక సభ్యుని అభ్యంతరం:

ద్విపద నడక బాగుంది. కాని "మనలను" అన్నది మీరు చేర్చిన అర్థం కాదా? ఇంగ్లీషు "అస్" అన్న మాటలో ఎదుటివాడు కలిశాడో లేదో తెలియదు. పైన ఉన్నది ఒక దంపతుల డాలు, దాని కింద ఉన్నది వారి పదిహేడుమంది సంతానం లెక్క. చనిపోయినవారు తమ కుటుంబం గురించి చెప్పుకుంటున్నారు గనుక "మమ్మును" అనాలి. "మట్టియౌ మమ్మును" అన్నా గణం చెడదు కదా!

సమాధానం:

గణం చెడదన్నది నిజమే. "మనలను" నలం అయితే "మమ్మును" భగణం, ద్విపదకు రెండూ చెల్లుతాయి. ఛందస్సు తీర్పు చెప్పదు కనుక శాసనాన్నే మళ్లీ చదవాలి. వచనభాగమంతా ప్రథమ పురుషలో ఉంది. ఫలానావారి కొడుకు, ఫలానావారి కుమార్తెను పెళ్లాడాడు, ఫలానా రోజున చనిపోయాడు అనే ధోరణి తప్ప అక్కడ ఎవరూ "మేము" అనలేదు. కుటుంబం సంగతి అక్కడితో అయిపోయింది. పద్యంలో మొదటి మాట "దౌ", అంటే నీవు, నా పాదంలో "కనుఁగొంటివి" అన్న క్రియలో ఉన్నది ఆ నీవే. అలా పిలిచిన తరువాతనే, ఆఖరి పాదంలో, "అస్" వస్తుంది. పైగా పగలు రాత్రి పాలవడం వాషింగ్టన్లకు మాత్రమే జరిగేది కాదు, చనిపోయినవారంతా లేస్తారన్న క్రైస్తవ విశ్వాసమూ ఒక వంశానికి పరిమితమైనది కాదు. అందువల్ల "మమ్మును" అంటే ఆ బండ మీద నిలబడి చదువుతున్న మనిషిని పిలిచి మళ్లీ బయటికి పంపినట్లు అవుతుంది.

మీ అభ్యంతరం వల్ల "మట్టియౌ" అన్న మాట సంగతి కూడా చెప్పవలసి వస్తున్నది. మూలంలో "టర్న్డ్" (మారిన) అని ఉంది కనుక మొదట "మట్టియైన" అని రాశాను. అది గణానికి పొసగలేదు, అర్థానికీ పొసగలేదు, ఎందుకంటే చదివేవాడు ఇంకా మట్టి కాలేదు. "ఔ" అన్న రూపానికి కాలం లేదు. 1616లోనే మట్టిలో కలిసిన లారెన్స్‌కూ, ఈరోజు ఆ బండ పక్కన నిలబడి తల వంచి అక్షరాలు కూడబలుక్కుంటున్నవారికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది.