ఎమ్మెల్యే మంచాన పడితే నియోజకవర్గం గతేంటి?

రైతుబిడ్డ: మా ఎమ్మెల్యేకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మాట రావట్లేదు, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోవడమూ కష్టమేనంట. ఆయన మీద నాకు కోపం లేదు, మంచి మనిషే. కానీ క్యాంపు ఆఫీసులో ఇప్పుడు పీఏ చెప్పిందే వేదం. మా పెద్దనాన్న ఆపరేషన్ బిల్లులకి సీఎం సహాయనిధి పెడదామంటే సిఫార్సు లేఖ మీద సంతకం పెట్టేవాళ్లు లేరు, రేపు రా మాపు రా అని తిప్పుతున్నారు. ఇలాంటప్పుడు సీటు ఖాళీ చేసి ఉప ఎన్నిక పెట్టే రూలే లేదా?

నల్లకోటు: జబ్బు చేసిందని సీటు పోయే రూల్ లేదండీ. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చితే రాజ్యాంగం 191వ అధికరణ కింద అనర్హత వస్తుంది, కానీ సొంత మనిషి మీద అలాంటి కేసు ఎవరేస్తారు? ఇక 190(4) ఉంది, అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించవచ్చు. ప్రకటించి తీరాలని లేదు. పైగా వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు, మన అసెంబ్లీలు ఏడాదికి కూర్చునేదే కొద్ది రోజులు కాబట్టి ఆ 60 నిండేసరికి ఏళ్లు పడుతుంది. ఒంట్లో బాగోలేదని సెలవు అడిగితే సభ ఇస్తుంది, అప్పుడిక ఆ లెక్కే ఉండదు.

కృష్ణ ఒడ్డు: బెంగాల్లో రాయ్‌గంజ్ ఎంపీ ప్రియరంజన్ దాస్‌మున్షీ 2008 అక్టోబర్లో కుప్పకూలి కోమాలోకి వెళ్లారు. మంత్రి శాఖలు వేరేవాళ్లకి ఇచ్చేశారు గానీ ఎంపీ సీటు మాత్రం 2009 ఎన్నికల దాకా ఆయన పేరు మీదే ఉంది. చనిపోయింది 2017లో. అదే జబ్బు పదవీకాలం మొదట్లో వచ్చుంటే అక్కడి జనం అయిదేళ్లూ ఎంపీ ఉండీ లేనట్టే బతికేవాళ్లు, నాకు బాధనిపించేది అదే.

ఆలోచన: బాధ నిజమే, కానీ పనిచేయలేడని తేల్చేదెవరు? స్పీకర్ చేతికిస్తే నచ్చని వాడికల్లా మెడికల్ బోర్డు వేస్తారు. నెదర్లాండ్స్ పద్ధతి నాకు నచ్చింది, అక్కడ దీర్ఘకాలం జబ్బుపడ్డా, కాన్పుకి వెళ్లినా ఎంపీకి 16 వారాల సెలవు, అన్నాళ్లూ ఎన్నికలప్పుడు పార్టీ ఇచ్చిన అభ్యర్థుల జాబితాలో తర్వాతి వాళ్లు కూర్చుంటారు, తర్వాత అసలు మనిషి వెనక్కి వస్తాడు. మనకి జాబితాలు లేవు కాబట్టి అచ్చంగా అలాగే కుదరదు. కనీసం ఏడాదికి మించి సెలవు కావాలంటే కుటుంబమూ డాక్టర్లూ సభకి లిఖితపూర్వకంగా చెప్పాలన్న నియమమైనా పెట్టాలి.

రైతుబిడ్డ: ఆయనతో రాజీనామా చేయిస్తే?

నల్లకోటు: స్వచ్ఛందంగా ఇచ్చిందో కాదో స్పీకర్ విచారిస్తారు, మాటే రాని మనిషి విషయంలో అదీ చిక్కే. సీటు ఖాళీ అయితే మామూలుగా ఆరు నెలల్లో ఉప ఎన్నిక, పదవీకాలం ఏడాదిలోపే మిగిలుంటే అదీ ఉండదు. ముందు మీ పెద్దనాన్న సంగతి చూడండి. ఎంపీ, ఎమ్మెల్సీ లేఖతో కూడా పెడుతున్నారు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ కాగితం పట్టుకుని ఎంపీ ఆఫీసుకి వెళ్లండి, ఆ పీఏ కోసం ఎదురుచూడొద్దు.