‘కని కల్ల నిజము దెలిసిన’: ఈ ‘కని’ కళ్లతో చూడటమేనా?

ప్రశ్న: సుమతీ శతకంలోని ఈ పద్యం అందరికీ తెలిసిందే.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

మూడో పాదంలో ‘కని’ అంటే కళ్లారా చూసి అనా? అలాగైతే కంటికి కనిపించని సంగతుల మాటేమిటి?

జవాబు: చూడటం ఒక్కటే కాదండీ. ‘కనుగొను’లో ఉన్న ‘కను’ ఇది. విచారించి తేల్చుకొని అని అర్థం. చాలామంది మొదటి పాదం పట్టుకుని ‘పెద్దల మాట వినాలి’ అని పిల్లలకు క్లాసు పీకుతారు గానీ, పద్యంలో ఉన్నది ‘ఎవ్వరు చెప్పిన’. బరువంతా తర్వాతి రెండు పాదాల్లో ఉంది.

‘మనిషి మెదడులో 10 శాతమే వాడతాడు’ అన్న మాటనే తీసుకోండి. ఆధారం అడిగితే ‘ఐన్‌స్టీన్ అన్నాడట’ అంటారు. అన్నట్టు దాఖలా లేదు. అన్నా కూడా ఆయన భౌతిక శాస్త్రవేత్త. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం ఒప్పుకున్న ప్రమాణాలు, అంటే నిజం తెలుసుకునే దారులు, 4: ప్రత్యక్షం (స్వయంగా చూసో అనుభవించో తెలుసుకోవడం), అనుమానం, ఉపమానం (పోలికను బట్టి తెలుసుకోవడం), శబ్దం (ఒకరు చెప్పిన మాట). శబ్దమంటే ఎవరి మాట పడితే వారి మాట కాదు. ఆ విషయం బాగా తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పే ఆప్తుడి మాట. మన తెలుగులో ‘ట’ ఒక్కటి తగిలిస్తే చాలు, ఇది చూసింది కాదు, విన్నది అని తెలిసిపోతుంది. మెసేజ్ చేతులు మారేకొద్దీ ముందు రాలిపోయేది ఆ ‘ట’నే!

ఇక అనుమానం. ఇప్పుడు సందేహమనే అర్థంలో వాడుతున్నాం గానీ, శాస్త్రంలో అది పొగను బట్టి నిప్పును నిర్ధారించడం. మెదడులో 90 శాతం ఊరికే పడి ఉంటే, అక్కడ దెబ్బ తగిలినా ఏమీ కాకూడదు. కానీ దాదాపు ఏ భాగం దెబ్బతిన్నా మాటో, చూపో, నడకో, జ్ఞాపకమో ఏదో ఒకటి కుంటుపడుతుంది. ఐన్‌స్టీన్ పేరు కంటే ఈ ఒక్క సంగతి గట్టిది.

ఇంకొకరు: స్కాన్‌లో మెదడు పనిచేయడం కనిపిస్తుంది కదా, అది ప్రత్యక్షమేగా?

జవాబు: ఆ స్కాన్ (ఎఫ్ఎమ్ఆర్ఐ అంటారు) పట్టుకునేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని. దాన్నిబట్టి ఇక్కడ నాడీకణాలు పనిచేశాయని అనుకుంటారు. రంగులు కంప్యూటర్ లెక్కగట్టి వేసినవి. కాబట్టి అదీ అనుమానమే, కాకపోతే చాలా బలమైనది.

మరొకరు: ‘ఈ మందుతో నాకు తగ్గింది’ అని ఒకరు చెబితే? ఆయన స్వయంగా అనుభవించాడు మరి.

జవాబు: తగ్గడం ఆయనకు ప్రత్యక్షమే. మనకు చెప్పేసరికి శబ్దమవుతుంది. ‘మందు వల్ల’ తగ్గిందన్నది మాత్రం ఆయనా చూడలేదు. జబ్బు దానంతటదే తగ్గిందేమో, పక్కన ఇంకో మందు వాడాడేమో. ఆ ‘వల్ల’ తేలాలంటే మందు వేసుకోని వాళ్ల సంగతీ చూడాలండీ.