వాడుకరి టైపు చేసిన మాటను వెబ్ చిరునామాలో నేరుగా అతికించవచ్చా?

ప్రశ్న (కర్నూలు నుండి):
నమస్కారమండీ. కర్నూలు, ఆదోని మార్కెట్ యార్డుల ధరలు చూపే చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. రైతు యార్డును ఎంచుకుని సరుకు పేరు టైపు చేస్తే, మా సర్వర్ ఆ రెండింటితో ఒక చిరునామా కట్టి, మాదే అయిన మరో సర్వర్‌ను ధర అడుగుతుంది. యార్డు పేరు మా డొమైన్‌కు ముందు, సరుకు పేరు ప్రశ్నార్థకం తరువాత వస్తాయి. నిన్న ఒకాయన "ఉల్లి&వేరుశనగ" అని కొడితే ఉల్లి ధర ఒక్కటే వచ్చింది. ఆ & గుర్తును తీసేస్తే సరిపోతుందా?

జవాబు (అనంతపురం నుండి):
సరిపోదండీ. చిరునామాలో ?, &, #, / అనేవి మడికీ మడికీ నడుమ గట్ల వంటివి. & దగ్గర ఒక విలువ ముగిసి మరొకటి మొదలవుతుంది; # తరువాత ఉన్నదేదీ సర్వర్‌కు చేరనే చేరదు. ఒక్కో గుర్తునూ ఏరివేసే బదులు సరుకు పేరును మాత్రం విడిగా ఎన్‌కోడ్ చేయండి, అంటే ఇలాంటి గుర్తులను %తో మొదలయ్యే సంకేతాలుగా మార్చండి; అప్పుడు & కాస్తా %26గా మారి మామూలు అక్షరంలా వెళ్తుంది. చిరునామా అంతా కట్టాక ఎన్‌కోడ్ చేస్తే, మీరు వేసిన గట్టేదో రైతు రాసినదేదో తేడా తెలియదు.

అసలు భయం యార్డు పేరుతోనే. ఎవరైనా ఆ చోట "169.254.169.254/" అని పంపితే, ఆ గీతతో సర్వర్ పేరు ముగిసిపోయి, మీ డొమైన్ దాని వెనుక వట్టి దారి పేరుగా (సర్వర్ పేరు తరువాత గీతతో మొదలయ్యే భాగంగా) మిగులుతుంది. క్లౌడ్‌లో అనేక చోట్ల ఆ సంఖ్య యంత్రం తన సొంత వివరాలను, ఒక్కోసారి తాత్కాలిక రహస్య కీలను కూడా అడిగి తెచ్చుకునే చిరునామా. బయటివారికి అందని ఆ చోటుకు మీ సర్వరే వెళ్లి అడుగుతుంది. యార్డు పేరు చోట దాడి చేసేవాడు తన సర్వర్ పేరు పెడితే, మీరు హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే అదనపు వివరాల్లో) రహస్య కీ పంపుతుంటే అది నేరుగా అతని చేతికి పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
యార్డు పేర్లు డ్రాప్‌డౌన్‌లోనే ఉన్నాయి కదండీ, ఎవరూ టైపు చేయలేరు.

జవాబు:
డ్రాప్‌డౌన్ ఉండేది బ్రౌజర్‌లో. దాన్ని పక్కనపెట్టి సర్వర్‌కు ఏ విలువనైనా పంపడం రెండు నిమిషాల పని. అందుచేత పేజీ నుండి 1, 2 వంటి సంఖ్యలను మాత్రమే తీసుకుని, వాటికి తగిన పూర్తి సర్వర్ పేరును మీ కోడ్‌లోని పట్టిక నుండే తీయండి. పట్టికలో లేని సంఖ్య వస్తే అభ్యర్థనను అక్కడే తిరస్కరించండి. రేపు సరుకు పేరును దారిలోకి మార్చాలనుకుంటే మాత్రం జాగ్రత్త: ఎన్‌కోడ్ చేసినా చుక్కలు మారవు, కాబట్టి ".." అన్న విలువ ఒక మెట్టు పైకి తీసుకుపోతుంది.