అప్‌డేట్: 1937 నాటి ఫ్లోరోసిస్ పేపర్ దొరికింది!

నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద థీసిస్ రాస్తున్నానని, ఏ రీసెర్చ్ పేపర్ తెరిచినా డబ్బులు అడుగుతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. ముందు మీ లైబ్రరీకి వెళ్లమన్నారు చాలామంది. వెళ్లాను.

లైబ్రేరియన్ మేడమ్ మొదట నా సెర్చ్ పదాలే మార్పించారు. నేనెప్పుడూ 'నల్గొండ ఫ్లోరైడ్' అనే కొట్టేదాన్ని. 'ఎండెమిక్ ఫ్లోరోసిస్' (ఒక ప్రాంతంలో పాతుకుపోయిన ఫ్లోరైడ్ జబ్బు) అని ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన 'నెల్లూరు' చేర్చమన్నారు. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి వచ్చిన పేపర్ బయటపడింది! ఆ పత్రిక పాత సంచికలు వైద్య పరిశోధన పేపర్లు దాచే పబ్‌మెడ్ సెంట్రల్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. స్కాన్ చేసిన ఆ పేజీలో మన ఊళ్ల సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

మాది ప్రభుత్వ యూనివర్సిటీ. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వ విద్యాసంస్థల కోసం జర్నల్స్ చందా కేంద్రమే కట్టే పథకం) కింద కొత్త జర్నల్స్ చాలావరకు తెరుచుకున్నాయి. నేను లాగిన్ చేయకుండా వెతకడమే పొరపాటు. మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధగంగ వెబ్‌సైట్‌లో పాత థీసిస్‌లు కూడా చూస్తున్నాను, వాటి చివర ఉండే రిఫరెన్స్‌లు బంగారం. టెన్షన్ సగం తగ్గింది. దారి చూపిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.